పదమూడు వారాల పంచాంగం: ఒక అనిమే సీజన్‌ను వెనక్కి తిరిగి చూస్తే

2023 అక్టోబరులో మొదలైన కొత్త అనిమే (జపాన్ యానిమేషన్) సిరీస్‌లలో నేను చూడడం మొదలుపెట్టినవి పద్నాలుగు. డిసెంబరు చివరికి చేతిలో మిగిలినవి ఎనిమిది. ఎపిసోడ్ పూర్తవగానే నోటు పుస్తకంలో ఒక వాక్యం రాసి, పక్కన పదికి ఇన్ని అని మార్కు వేసుకోవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఆ ఏడాది చివరి వారంలో పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేస్తుంటే ఒక విషయం కనిపించి ఆగిపోయాను. ఒకటి మాంత్రికుల కథ, ఒకటి అంతఃపుర రహస్యాల కథ, ఒకటి కారు పందేల కథ. ఒకదానికీ మరొకదానికీ పోలికే లేదు. అయినా చాలా వాటికి నా మార్కులు ఇంచుమించు ఒకే చోట తగ్గాయి. నవంబరు మధ్యలో, ఏడో వారం, ఎనిమిదో వారం దగ్గర పడి, డిసెంబరులో మళ్లీ లేచాయి.

మొదట నాకే విసుగు వచ్చిందేమో అనుకున్నాను. వేసవి సీజన్ పేజీలు తీశాను. ఆగస్టు మధ్యలో అదే పల్లం. అంతకుముందు సీజన్‌లో మే నెల మధ్యలో అదే పల్లం. అప్పుడు అర్థమైంది. కథకు వేస్తున్నానని నేను అనుకున్న మార్కుల్లో కొంత భాగం కథకు సంబంధించినదే కాదు. ఆ కథను తయారుచేసి, ముక్కలు చేసి, వారం వారం ప్రసారం చేసే పంచాంగానికి పడిన మార్కులవి. ఆ పంచాంగం ఎలా నడుస్తుందో తెలియకుండా ఒక సీజన్ గురించి న్యాయంగా మాట్లాడడం కష్టం. అందుకే ముందు దాని లెక్కలు చెప్పి, ఆ తర్వాత ఆ శరదృతువు సిరీస్‌ల దగ్గరికి వస్తాను.

జపాన్ టీవీ పరిశ్రమ ఏడాదిని నాలుగు ముక్కలు చేసుకుంటుంది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో కొత్త కార్యక్రమాలు మొదలవుతాయి. 52 వారాలను నాలుగుతో భాగిస్తే వచ్చే 13 వారాల ముక్కను అక్కడివాళ్లు ‘కూరు’ అంటారు. అనిమే అభిమానులు సీజన్ అనేది దీన్నే. సంవత్సరాంతపు ప్రత్యేక కార్యక్రమాలకు, క్రీడల ప్రసారాలకు ఒకటి రెండు వారాలు పోతాయి కాబట్టి ఎక్కువ సిరీస్‌లు 12 ఎపిసోడ్లతో ముగుస్తాయి. ఫుజి టీవీలో 2005లో మొదలైన ‘నోయితమినా’ అనే ప్రసార సమయంలో చాలాకాలం 11 ఎపిసోడ్లే ఆనవాయితీ. ఒక కూరులో ముగిసేవి, వరసగా రెండు కూర్లు నడిచేవి, ఒక కూరు నడిచి కొన్ని నెలలు ఆగి మళ్లీ వచ్చేవి అని మూడు రకాలు. ఈ మూడో రకాన్ని ‘విభజిత కూరు’ అంటారు.

ఎక్కువ అనిమేలు ప్రసారమయ్యేది అర్ధరాత్రి దాటాకే. జపాన్ టీవీ పట్టికల్లో ‘శుక్రవారం 25:30’ అన్న రాత కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. అది శనివారం తెల్లవారుజామున ఒంటిగంటన్నర. నిద్రపోకుండా మేలుకున్నవాడికి అది ఇంకా శుక్రవారం రాత్రే కాబట్టి రోజును 24 దగ్గర ముగించకుండా పొడిగిస్తారు. ఆ గంటల్లో ప్రసార సమయం చవక. ఆ చవకదనమే ఇప్పటి అనిమే వ్యాపారానికి పునాది అయింది.

వారానికో అరగంట ఎపిసోడ్ అనే పద్ధతి 1963 జనవరి 1న తెజుకా ఒసాము ‘తెత్సువాన్ అతోము’తో స్థిరపడింది. బయటి ప్రపంచానికి అది ‘ఆస్ట్రో బాయ్’. 1966 చివరిదాకా 193 ఎపిసోడ్లు వచ్చాయి. అప్పట్లో సీజన్ అన్న మాటే లేదు. మొదలైన బండి జనం చూసినన్నాళ్లూ నడిచేది. 1969 అక్టోబరులో మొదలైన ‘సజాఎ-సాన్’ ఇప్పటికీ ఆదివారం సాయంత్రం వస్తూనే ఉంది. 1999 అక్టోబరులో మొదలైన ‘వన్ పీస్’ కూడా ఆ కోవదే. అలాంటిది వన్ పీస్ కూడా 2026 నుంచి ఏడాదికి గరిష్ఠంగా 26 ఎపిసోడ్లకు, రెండు కూర్ల పద్ధతికి మారుతుందని 2025 చివరలో ప్రకటించారు. పాతికేళ్లకు పైగా దాదాపు వారం వారం పరుగెత్తిన బండి అది. ఆ ప్రకటన చదివిన రోజు నాకు బాధ కలగలేదు, ఊరట కలిగింది. ఎందుకో ఎపిసోడ్ తయారీ సంగతి చెబితే తెలుస్తుంది.

అంతకంటే ముందు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. ఒక సిరీస్‌కు ఖర్చు పెట్టేది సాధారణంగా స్టూడియో కాదు. పుస్తక ప్రచురణకర్త, సంగీత సంస్థ, టీవీ సంస్థ, ప్రకటనల సంస్థ, బొమ్మల తయారీదారు, ఇప్పుడైతే స్ట్రీమింగ్ సంస్థ కూడా కలిసి ఒక ‘నిర్మాణ సంఘం’ పెట్టుకుంటారు. నష్టం వస్తే తలా కొంత, లాభం వస్తే తలా కొంత. స్టూడియోకు ఆ సంఘం నుంచి పని కూలి ముడుతుంది. సంఘంలో వాటా లేకపోతే సిరీస్ ఎంత విజయం సాధించినా స్టూడియోకు అదనంగా వచ్చేది స్వల్పం. దీన్ని కాదని 2022లో ‘చెయిన్‌సా మ్యాన్’ ఖర్చు మొత్తం మప్పా స్టూడియో తానే భరించింది. 12 ఎపిసోడ్లకు 12 వేర్వేరు ముగింపు పాటలు పెట్టగలిగింది కూడా ఆ సిరీస్‌లోనే. కానీ అలాంటివి అరుదు.

సంఘంలో ప్రతి ఒక్కరి లెక్కా వేరు. ప్రచురణకర్తకు సిరీస్ ఒక పెద్ద ప్రకటన. అది వస్తున్న మూడు నెలల్లో మూల మాంగా (జపాన్ బొమ్మల కథ) సంపుటాలు దుకాణాల్లో కదలాలి. సంగీత సంస్థకు మొదటి పాట ముఖ్యం. ఒకప్పుడు లాభం డిస్కుల అమ్మకాల మీద వచ్చేది. ఒక్కో డిస్కులో రెండు మూడు ఎపిసోడ్లే ఉండేవి, ధర మాత్రం బరువుగా ఉండేది. ఇప్పుడు బలం విదేశీ స్ట్రీమింగ్‌కు మారింది. జపాన్ యానిమేషన్ సంఘం నివేదిక ప్రకారం 2023లో అనిమే మార్కెట్ మొత్తం విలువ దాదాపు 3.3 లక్షల కోట్ల యెన్లు. అందులో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చిందే. ఇంత పెద్ద అంకె పక్కన, ఒక భంగిమకూ మరో భంగిమకూ మధ్య కదలికను నింపే ‘మధ్య చిత్రాలు’ గీసే కొత్తవారికి ఒక్కో బొమ్మకు రెండు మూడు వందల యెన్లు ముట్టడం ఏళ్లుగా అందరికీ తెలిసిన సంగతి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఏడో వారానికి.

ఒక ఎపిసోడ్ నిడివి 24 నిమిషాల చుట్టూ ఉంటుంది. ప్రారంభ గీతానికి నిమిషన్నర, ముగింపు గీతానికి నిమిషన్నర తీసేస్తే కథకు 21 నిమిషాలు మిగులుతాయి. అందులో సుమారు మూడు వందల షాట్లు ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేములు నడిచినా ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయరు. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములపాటు నిలబెట్టి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టడం జపాన్ టీవీ అనిమే పద్ధతి. పెదవులు మాత్రమే కదిలే షాట్లో ముఖం ఒక్కసారే గీస్తారు. ఇంత పొదుపు చేసినా ఎపిసోడ్‌కు మూడు నాలుగు వేల బొమ్మలు కావాలి.

ఆ బొమ్మలు ఒకరి చేతి మీదుగా వచ్చేవి కావు. ముందు స్క్రిప్టు, తర్వాత ప్రతి షాట్ ఎలా ఉండాలో చిన్న గడుల్లో గీసే స్టోరీబోర్డు. దాన్ని బట్టి లేఅవుట్, తర్వాత కదలికలోని ముఖ్య భంగిమలను పట్టే కీలక చిత్రాలు. రకరకాల చేతులు గీసిన ముఖాలన్నీ ఒకే మనిషివిగా కనిపించేలా వాటిని దిద్దేవారిని ‘సకుగా కంతోకు’ అంటారు, అంటే చిత్ర పర్యవేక్షకులు. ఆ తర్వాత మధ్య చిత్రాలు, రంగులు, నేపథ్యం, కెమెరా కూర్పు, గొంతులు, సంగీతం. ఇదంతా అయ్యేసరికి నెలలు పడుతుంది. కాబట్టి ఒకే సమయంలో ఏడెనిమిది ఎపిసోడ్లు వేర్వేరు దశల్లో, వేర్వేరు బల్లల మీద ఉంటాయి.

దీన్ని గాదెలో గింజలతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. అక్టోబరులో ప్రసారం మొదలయ్యే నాటికి ఒక స్టూడియో గాదెలో నాలుగు ఎపిసోడ్లు పూర్తయి ఉన్నాయనుకుందాం. వారానికి ఒకటి ఖర్చవుతుంది. కొత్తది తయారు కావడానికి వారం కంటే ఎక్కువే పడుతుంది. మొదటి నెల అంతా నిల్వ మీద నడిచిపోతుంది. ఆరో వారం, ఏడో వారం వచ్చేసరికి గాదె అడుగు కనిపిస్తుంది. పైగా ఏ నిర్మాత అయినా తన దగ్గరున్న గట్టి చేతులను మొదటి ఎపిసోడ్‌కు, చివరి ఎపిసోడ్‌కు పెట్టుకుంటాడు. మొదటిది జనాన్ని పిలుస్తుంది, చివరిది గుర్తుండిపోతుంది. మధ్యలోవి బయటి స్టూడియోలకు మొత్తంగా అప్పగించడం మామూలు. దాన్ని అక్కడ ‘గురోసు’ పద్ధతి అంటారు. నా పుస్తకంలోని పల్లం అక్కడ పుట్టింది.

దీన్ని ఎవరైనా తమ కళ్లతో సరిచూసుకోవచ్చు. ముగింపు గీతం వచ్చేటప్పుడు ఆపి పేర్లు చదవండి. మొదటి ఎపిసోడ్‌లో చిత్ర పర్యవేక్షణ కింద ఒకటో రెండో పేర్లు ఉంటాయి. మధ్యలో ఒక చోట ఆ వరస పొడవు పెరుగుతుంది. ఎనిమిది, పది, కొన్నిసార్లు పదిహేను పేర్లు. ఎక్కువమంది దిద్దారంటే ఎక్కువ శ్రద్ధ పెట్టారని పొరపడతాం. చాలాసార్లు దాని అర్థం వేరు. సమయం లేక ఒకే ఎపిసోడ్‌ను ముక్కలు చేసి, దొరికిన ప్రతి చేతికీ ఇచ్చి, రాత్రికి రాత్రి దిద్దించారన్నమాట. ఆ వరసను చదవడం నేర్చుకున్నాక ‘ఈ వారం బొమ్మలు బాగాలేవు’ అని రాయడానికి నా కలం అంత తేలిగ్గా సాగడం లేదు.

గాదె పూర్తిగా ఖాళీ అయితే ఏమవుతుంది? పాత దృశ్యాలు కలిపి ఒక రీక్యాప్ ఎపిసోడ్ వేసి వారం సంపాదిస్తారు. అది కూడా చాలకపోతే ప్రసారం ఆగుతుంది. 2023 జులైలో మొదలైన ‘జోమ్ 100’ పన్నెండు ఎపిసోడ్లే అయినా చివరి మూడూ డిసెంబరు చివర్లో వచ్చాయి. అదే ఏడాది జనవరిలో మొదలైన ‘నియర్ ఆటోమాటా’ కరోనా ప్రభావంతో ఆగి, చివరి నాలుగు ఎపిసోడ్లను జులైలో ఒకేరోజు ప్రసారం చేసింది. 2021 జనవరిలో వచ్చిన ‘వండర్ ఎగ్ ప్రయారిటీ’ది మరీ దిగులు పుట్టించే కథ. ఎంతో అందంగా మొదలైన ఆ సిరీస్ మధ్యలో ఒక వారం రీక్యాప్‌కు ఇచ్చి, ముగింపును ఆ కూరులో ఇమడ్చలేక జూన్ చివర ప్రత్యేక ఎపిసోడ్‌గా వేసింది. అందులోనూ సగం పాత దృశ్యాలే. ఆ కథ ఏమి చెప్పదలచిందో నాకు ఇప్పటికీ తృప్తిగా తెలియలేదు. ఆ బల్లల దగ్గర కూర్చున్నవారికి మరో మూడు నెలలు ఇచ్చి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ లెక్క మనసులో పెట్టుకుని 2023 శరదృతువును మళ్లీ చూస్తే కొన్ని సిరీస్‌లు వేరుగా కనిపిస్తాయి. అన్నింటికంటే ముందు ‘ఫ్రీరెన్’.

వేల ఏళ్లు బతికే ఎల్ఫ్ జాతి మాంత్రికురాలు ఫ్రీరెన్. వీరుడు హిమ్మెల్, పూజారి హైటర్, మరుగుజ్జు యోధుడు ఐజెన్‌లతో కలిసి పదేళ్లు ప్రయాణించి రాక్షసరాజును చంపుతుంది. కథ అక్కడ ముగియాలి. ఇది అక్కడ మొదలవుతుంది. నలుగురూ నగరానికి తిరిగివచ్చిన రాత్రి ఆకాశంలో యాభై ఏళ్లకోసారి వచ్చే ఉల్కలు రాలుతుంటాయి. మళ్లీ అవి వచ్చినప్పుడు ఇంకా బాగా కనిపించే చోటు చూపిస్తానని ఫ్రీరెన్ మామూలుగా చెప్పి వెళ్లిపోతుంది. తనకు యాభై ఏళ్లంటే రేపో ఎల్లుండో అన్నంత దగ్గర. కొన్ని షాట్లలో అర్ధశతాబ్దం గడిచిపోతుంది. తిరిగివచ్చేసరికి హిమ్మెల్ నడుము వంగి, తెల్లగడ్డం పెంచుకున్న పొట్టి ముసలివాడు. అందరూ కలిసి ఆ ఉల్కలను చూస్తారు. కొద్దికాలానికే అతను చనిపోతాడు. అంత్యక్రియల్లో ఆమె ముఖంలో దుఃఖం లేదని జనం గుసగుసలాడుకుంటారు. పెట్టె గోతిలోకి దిగాక ఆమెకు ఒక్కసారిగా కన్నీళ్లు వస్తాయి. మనుషుల ఆయుష్షు చిన్నదని తెలిసి కూడా అతన్ని తెలుసుకోవడానికి ఎందుకు ప్రయత్నించలేదని తనను తానే అడుగుతుంది.

ఇంత నిదానమైన మొదలు ఏ సిరీస్‌కైనా ప్రమాదమే. అభిమానుల్లో ‘మూడు ఎపిసోడ్ల నియమం’ అని ఒకటుంది. మూడు చూసి నచ్చకపోతే మానేయాలి. సీజన్‌కు యాభై అరవై కొత్తవి వస్తున్నప్పుడు ఏదో ఒక జల్లెడ అవసరమే. ఫ్రీరెన్ నిర్మాతలు ఆ జల్లెడకు దొరకకుండా, 2023 సెప్టెంబరు 29న మొదటి నాలుగు ఎపిసోడ్లను రెండు గంటల ప్రత్యేక కార్యక్రమంగా ఒకేసారి ప్రసారం చేశారు. అదీ నిప్పోన్ టీవీలో సినిమాలు వేసే శుక్రవారం రాత్రి తొమ్మిది గంటల సమయంలో. ఒక టీవీ అనిమే సిరీస్ ఆ సినిమా వేళలో మొదలుకావడం అదే మొదటిసారి. హిమ్మెల్ మరణం, అనాథ పిల్ల ఫెర్న్ శిష్యురాలిగా చేరడం, ఏళ్లు గడిచిపోయే తీరు అన్నీ ఒకే కూర్చోవడంలో పూర్తయ్యాయి. అదే శరత్తులో ‘అపోతికరీ డైరీస్’ కూడా తొలిరాత్రి మూడు ఎపిసోడ్లు వేసింది. అంతకుముందు ఏప్రిల్‌లో ‘ఒషి నో కో’ గంటన్నర తొలి ఎపిసోడ్‌తో వచ్చింది. మూడోవారంలో పడాల్సిన తీర్పును మొదటి రోజుకే లాగేశారన్నమాట. వ్యాపార ఎత్తుగడే కావచ్చు, కానీ నిదానంగా చెప్పాల్సిన కథకు అది ఊపిరి ఇచ్చింది.

ఫ్రీరెన్ దర్శకుడు సైతో కెయిచిరో. 2022 శరత్తులో ‘బొచ్చి ది రాక్!’ తీసింది ఆయనే. ఆ సిరీస్‌లో గోలగోలగా ఉన్న చేయి ఇందులో ఇంత మౌనంగా ఎలా మారిందో చూసి ఆశ్చర్యపోయాను. ఇక్కడ నేను గమనించిన తెలివి ఒకటుంది. ఫ్రీరెన్‌లో చాలా ఎపిసోడ్లు నడక, మంట చుట్టూ మాటలు, ఒక ఊళ్లో చిన్న పని. నవంబరు 3న వచ్చిన తొమ్మిదో ఎపిసోడ్ వంటి కొన్నింటిలో మాత్రం పోరాటం ఒక్కసారిగా కట్టలు తెంచుకుంటుంది. ఇతర సిరీస్‌లకు పల్లం మొదలయ్యే వారాల్లో ఇది ఎత్తుకు ఎక్కింది. కథలోని నిదానం తయారీకి కూడా నిదానం ఇచ్చినట్టు నాకు కనిపిస్తుంది. కదలిక తక్కువున్న వారాల్లో పొదుపు చేసిన శక్తి కావాల్సిన చోట కుమ్మరించారు. ఒక పేరు గురించి కూడా చెప్పాలి. ఈ పాత్రల పేర్లన్నీ జర్మన్ మాటలు. హిమ్మెల్ అంటే ఆకాశం, ఫెర్న్ అంటే దూరం. అది తెలిశాక మొదటి ఎపిసోడ్‌లో తలెత్తి ఉల్కలు చూసే దృశ్యం నాకు మరోలా తాకింది.

‘జుజుత్సు కైసెన్’ రెండో సీజన్ దీనికి సరిగ్గా అవతలి ఒడ్డు. జులై 6న మొదలై డిసెంబరు 28దాకా 23 ఎపిసోడ్లు. ఆగస్టు 3న మొదటి భాగం ముగిశాక కొత్త ఎపిసోడ్ మళ్లీ ఆగస్టు 31నే వచ్చింది. అక్కడి నుంచి టోక్యోలోని షిబుయాలో జరిగే ఘట్టం. కథలో అది ఒక్క హాలోవీన్ రాత్రి. ప్రసారంలో నాలుగు నెలలు, వారం కూడా ఆగకుండా. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ భారీ పోరాటమే. ఫ్రీరెన్‌కు దొరికిన నడక ఎపిసోడ్లు దీనికి లేవు. కొన్ని షాట్లు నేను ఆ ఏడాది చూసిన యానిమేషన్ మొత్తంలో అత్యుత్తమమైనవి. పక్కనే గీత కూడా పూర్తి కానట్టున్న షాట్లు ఉన్నాయి. నవంబరులో ఆ సిరీస్‌కు పనిచేస్తున్న కొందరు యానిమేటర్లు తమ పని పరిస్థితి గురించి సామాజిక మాధ్యమాల్లో బాహాటంగా రాశారు. అవి చదివాక ఎపిసోడ్ పక్కన నేను వేసిన ‘9’ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తొమ్మిది దేనికి? ఆ కదలికల అద్భుతానికా, ఆ అద్భుతం కోసం నిద్ర మానుకున్న చేతులకా? మెచ్చుకోవడం మానలేదు. కానీ ఆ మెచ్చుకోలు వచ్చే ఏడాది మరింత బిగించిన గడువుకు సాకు కాకూడదని కోరుకుంటున్నాను.

సీజన్ చివర జాబితాలు వేసేవారు మరిచిపోయే చిన్న లెక్క ఇంకొకటి ఉంది. డిసెంబరు చివరికి ఫ్రీరెన్ ముగియలేదు. డిసెంబరు 22న వచ్చింది పదహారో ఎపిసోడ్. మొత్తం 28, చివరిది 2024 మార్చి 22న. అపోతికరీ డైరీస్ కూడా మార్చిదాకా నడిచి 24తో ఆగింది. దాని కథానాయిక మావోమావో పన్నెండో ఎపిసోడ్‌లో అంతఃపుర ఉద్యోగం పోయి బయటికి వెళ్లి, మళ్లీ అక్కడి అధికారి జిన్షీ ద్వారా తిరిగివస్తుంది. పదమూడు నుంచి వేరే చోట వేరే పని. కూరు అతుకు దగ్గర కథను మలుపు తిప్పడం ఎలాగో అక్కడ నేర్చుకోవచ్చు. ఫ్రీరెన్ జనవరిలో మాంత్రికుల పరీక్షలోకి అడుగుపెట్టి పాతికమంది కొత్త ముఖాలను ఒక్కసారిగా తెచ్చింది. డిసెంబరులో నేను దానికి వేసిన మార్కు నిజానికి సగం వంట రుచి చూసి చెప్పిన మాట.

విభజిత కూర్ల దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ‘డాక్టర్ స్టోన్’ మూడో సీజన్ ఏప్రిల్‌లో 11, అక్టోబరులో 11. రెండు సీజన్లలో రెండు సగాలు. ఇక ‘అటాక్ ఆన్ టైటన్’ సంగతి చెప్పనక్కర్లేదు. చివరి సీజన్ అన్న పేరుతో 2020 డిసెంబరులో మొదలై, 2022లో కొంత, 2023 మార్చిలో ఒక పెద్ద ప్రత్యేక భాగం, నవంబరులో మరొకటి. 2013 ఏప్రిల్‌లో మొదలైన కథ 2023 నవంబరులో, అంటే నేను చెబుతున్న ఈ శరత్తులోనే ముగిసింది. దాన్ని ఏ సీజన్ జాబితాలో పెట్టాలో నాకు తోచక విడిగా ఒక పేజీ ఇచ్చాను.

‘ప్లూటో’ అయితే పంచాంగమే లేకుండా వచ్చింది. తెజుకా ‘అతోము’లోని ఒక ఘట్టాన్ని ఉరసావా నవోకి మళ్లీ చెప్పిన మాంగాకు రూపం అది. అక్టోబరు 26న నెట్‌ఫ్లిక్స్‌లో గంటకు అటూఇటూ నిడివి ఉన్న ఎనిమిది ఎపిసోడ్లు ఒకేరోజు దిగాయి. చాలా గొప్ప పని. ఎక్కడా పల్లం లేదు. ఎందుకంటే అన్నీ పూర్తయ్యాకే బయటికి వచ్చాయి. కానీ నా పుస్తకంలో దానికి ఉన్నవి రెండే వాక్యాలు. రెండు రాత్రుల్లో చూసేశాను. ఫ్రీరెన్‌కు వారం వారం రాసుకున్నవి పేజీలున్నాయి. శుక్రవారం నుంచి శుక్రవారం దాకా ఒక దృశ్యం మనసులో నానడానికి ఉన్న విలువ ప్లూటో చూశాకే నాకు తెలిసింది. వారం వారం పద్ధతి తయారుచేసేవారిని నలిపేస్తుంది, చూసేవారికి మాత్రం మేలు చేస్తుంది. ఈ చిక్కుముడికి నాకు తెలిసిన మంచి జవాబు ఒక్కటే. ముందే పూర్తిచేసి, వారం వారం వేయడం. దానికి ముందుగా డబ్బు కట్టి ఓపిక పట్టే నిర్మాణ సంఘం కావాలి.

మూడు ఎపిసోడ్ల నియమం గురించి ఒక మాట మిగిలింది. ఆ నియమం 2011 జనవరిలో ‘మదోకా మాజికా’ మూడో ఎపిసోడ్‌తో బాగా బలపడింది. ముద్దుగా సాగుతున్న కథ అక్కడ ఒక మరణంతో తలకిందులైంది. అదే నియమాన్ని పట్టుకున్నవారు 2019లో ‘డీమన్ స్లేయర్’ను వదిలేసి ఉంటే ఆగస్టులో వచ్చిన పంతొమ్మిదో ఎపిసోడ్ వారికి దక్కేది కాదు. జనం నోళ్లలో ఆ సిరీస్ పేరు నిజంగా మోగింది అప్పుడే. ఆ 2023 శరత్తులో నేను చేసిన పొరపాటు ఇదే. అది ‘ఓవర్‌టేక్!’ విషయంలో.

మూల మాంగా లేదు, నవల లేదు. ట్రోయ్‌కా స్టూడియోలో అవోకి ఎయి దర్శకత్వంలో తెర కోసమే పుట్టిన కథ. అమ్మడానికి సంపుటాలు లేవు కాబట్టి ఇలాంటి సిరీస్‌కు వెనక తోసేవారు తక్కువ. ముందు ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి మాట్లాడుకునేవారూ తక్కువే. మనుషులను ఫొటో తీయలేకపోతున్న మదోకా కోయా అనే ఫొటోగ్రాఫర్ ఫుజి స్పీడ్‌వేలో ఫార్ములా 4 పందేనికి వెళ్లి, ఒక చిన్న గ్యారేజీ తరఫున కారు నడిపే హైస్కూలు కుర్రాడు అసహినా హరుకాను చూస్తాడు. మొదటి మూడు వారాలూ స్పాన్సర్లను వెతకడం, టైర్ల ఖర్చు, ఓటమి. మూడో ఎపిసోడ్ పక్కన ‘నెమ్మది. ఆపేస్తున్నాను. 6’ అని రాసి ఉంది నా పుస్తకంలో.

సీజన్ ముగిశాక, పల్లం సంగతి తెలుసుకున్నాక, జనవరిలో మిగిలిన తొమ్మిది ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో చూశాను. కోయా కెమెరా మనుషుల ముందు ఎందుకు ఆగిపోతోందో సగానికి వచ్చాక తెలుస్తుంది. 2011 మార్చి 11 సునామీ రోజున అతను తీసిన ఒక ఫొటో. అప్పటిదాకా చూపిన టైర్లు, డబ్బు లెక్కలు, చిన్న జట్టు మొండితనం అన్నీ ఆ బరువును మోయడానికి వేసిన పునాది అని అప్పుడు అర్థమైంది. మూడో వారంలో నేను నెమ్మది అన్నది అదే పునాది. పన్నెండు ఎపిసోడ్లలో మొదలై, పన్నెండు ఎపిసోడ్లలో పూర్తిగా ముగిసింది. రెండో సీజన్ కోసం ఏదీ దాచుకోలేదు.

ఆ ‘6’ను కొట్టేయలేదు. దాని కింద తేదీ వేసి, పన్నెండో ఎపిసోడ్ చిత్ర పర్యవేక్షకుల పేర్లన్నీ చూసి రాసుకున్నాను. ఆ పక్కన మార్కు గడి ఖాళీగానే ఉంది.